మరలివచ్చు వెలుగు

తాను పంపిన వెలుగు వస్తువును తాకి తనకు మరలివచ్చుటను బట్టియే లోకము నెఱుంగు యంత్రనేత్రము లైడార్. 1960లో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీనుండి తొలి లేజరు కిరణమును వెలువరించిన మరుసటి యేడే దీనికి అంకురార్పణ జరిగినది. కాంతి సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పయనించును గనుక, 150 మీటర్ల దూరముననున్న బండిని తాకి తిరిగివచ్చుటకు దానికి సెకనులో 10 లక్షలవ వంతు చాలును. అంతటి సూక్ష్మకాలమును తప్పక కొలుచుటయందే యీ విద్య ఘనత యంతయు నిమిడియున్నది. 1971లో అపోలో 15 నౌక చంద్రుని నిమ్నోన్నతములను కొలిచినదియు లేజరుతోనే.

దానిని నేలపై బండికి కన్నుగా నమర్చిన తొలి ప్రయత్నములలో ఒకదానిని తెలుగువారు ప్రీతితో స్మరింపవచ్చును. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ సంస్థకు ప్రథమ సంచాలకుడాయెను. ఆయన హయాములోనే, 1980లలో, అచ్చటి పరిశోధకులు నావ్‌ల్యాబ్ అను వ్యానునకు కెమెరాతోపాటు లేజరు స్కానరును గూర్చి దారి తెలిసికొన నేర్పిరి. పిదప డేవిడ్ హాల్ 64 లేజరులను ఒక్క పెట్టెలో నిమిడ్చి, అది కుమ్మరిసారెవలె కారు నెత్తిన గిరగిర తిరుగుచు సెకనునకు 10 లక్షల బిందువులతో నలుదిక్కుల రూపమును లిఖించునట్లు చేసెను. 2007లో అమెరికాలో నగరవీధులను బోలిన బాటలపై జరిగిన చోదకుడులేని బండ్ల పోటీలో గమ్యము చేరిన 6 వాహనములలో 5 దీనినే ధరించినవి.

ఇట్టి కంటికి నిజమైన పరీక్ష కొల్లేటి సీమలో గలదు. అమావాస్యనాడు గట్టుమీదినుండి బాటకడ్డముగా దిగు గేదెను, దీపముతో నిమిత్తము లేకయే యిది గుర్తింపగలదు. ఇది వెలువరించు పరారుణకిరణమునకు చీకటి అడ్డుగాదు. కాని పుష్యమాసపు వేకువను ఏలూరునుండి కైకలూరు పోవు బాటపై దట్టముగా మంచు క్రమ్మినపుడు, ఒక్కొక్క నీటితుంపరయు కిరణమును చెదరగొట్టి, కొంత వెలుగును ముందే వెనుకకు ద్రిప్పి, లేని వస్తువును ఉన్నట్లు భ్రమింపజేయును. ఇరుప్రక్కల చేపలచెరువుల నిశ్చలజలమో, ఏటవాలుగా తాకిన కిరణమును అద్దమువలె ఆవలికి త్రోసివేయును. వెలుగు మరలిరాదు గనుక చెరువున్న చోట యంత్రమునకు శూన్యమే గోచరించును. అందుచేతనే మంచును చాలవరకు దాటిపోగల రేడారును, రంగుల నెఱుంగు కెమెరాను దీనికి తోడుచేయుదురు.

సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణమున 2022 జులైలో ప్రారంభమైన తిహాన్ అను చోదకుడులేని వాహనముల పరీక్షాక్షేత్రమున కృత్రిమవర్షమును కురిపించు ఏర్పాటు గలదు. ఆ వాననెగ్గిన వాహనమును ఒక శీతకాలమైనను కొల్లేటి గట్లపైకి తెచ్చి నడిపి చూడవలెనని నా ఆకాంక్ష.