చండామార్కుల బడి, నారదుని పాఠం

యాద మహర్షి తపస్సుకు మెచ్చి శ్రీహరి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలలో వెలసిన దివ్యక్షేత్రం యాదగిరిగుట్ట. ఆ గుహాలయంలో స్వామి ఎదుట చేతులు జోడించి నిలిచిన వారికి వెంటనే స్ఫురించేది ప్రహ్లాదుని పేరు. ఆ బాలుని వృత్తాంతాన్ని భక్తికి నిదర్శనంగా చెప్పుకుంటాము. కాని భాగవత సప్తమ స్కంధాన్ని నెమ్మదిగా చదివితే, అది ఒక చదువు కథ కూడానని తెలుస్తుంది.

శుక్రాచార్యుల కుమారులైన చండామార్కుల బడికి రాజాదరణ ఉంది. ప్రహ్లాదుడు అక్కడ చెప్పిన నీతిశాస్త్రాన్ని విన్నాడు, అప్పగించాడు కూడా. అతనిని ప్రహ్లాదునిగా నిలిపిన బోధ మాత్రం తల్లి కయాధువు గర్భంలో ఉండగా నారదుని ఆశ్రమంలో లభించింది. దానికి పరీక్ష లేదు, పట్టా లేదు. మరొక విశేషం గమనించండి. ఆ పాఠం విన్నది తల్లీబిడ్డలిద్దరూ. కాలక్రమంలో తల్లి మరచిపోయింది, బిడ్డ మరువలేదు.

ఇంటి వద్దనే కొద్ది నెలలలో పౌరోహిత్యం నేర్పుతామని, తపాలా ద్వారా జ్యోతిషంలో పట్టా ఇస్తామని, ఫోనులోనే వేదం చెబుతామని చెప్పే ప్రకటనలు మీ కంటా పడి ఉంటాయి. వాటిలో కొన్నింటికి ఏ ప్రభుత్వ గుర్తింపూ ఉండదు. మీ ఇంట పదవ తరగతి ముగించిన అబ్బాయి, చదువు మాని అందులో చేరతానంటే ఏమంటారు? డెబ్బై ఏళ్ల నాయనమ్మ చేరతానంటే ఏమంటారు? ప్రశ్న ఒకటే అయినా జవాబు ఒకటి కాదు.

అబ్బాయి కోరేది జీవిక. అక్కడ గుర్తింపును మొదటే చూడాలి. 1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకే ఉంది. పేరులోని పవిత్రతను చూసి నమ్మరాదు. కాశీలోని సంపూర్ణానంద సంస్కృత విశ్వవిద్యాలయానికి 1974కు ముందు వారణాసేయ సంస్కృత విశ్వవిద్యాలయమని పేరు. అదే పేరుతో ఢిల్లీ చిరునామా గల సంస్థ ఒకటి కమిషన్ ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాకెక్కింది. పాత పేరు విన్న పెద్దలు ఎంత సులువుగా మోసపోగలరో ఊహించండి! వేదవిద్యనే కోరే పిల్లలకు వేరే దారి లేకపోలేదు. ఉజ్జయినిలోని మహర్షి సాందీపని రాష్ట్రీయ వేద సంస్కృత శిక్షా బోర్డు ఇచ్చే వేదభూషణ పదవ తరగతికి, వేదవిభూషణ ఇంటర్మీడియట్‌కు సమానం.

నాయనమ్మ మాట వేరు. ఆమెకు కావలసింది గీతార్థం, నాలుగు సంస్కృత వాక్యాలు. సంస్కృత భారతి పత్రాచార పద్ధతిలో ప్రవేశ, పరిచయ, శిక్షా, కోవిద అనే నాలుగు మెట్లలో భాషను నేర్పుతోంది. కేరళలోని వెలియనాడు నుండి చిన్మయ అంతర్జాతీయ సంస్థ వేదాంత పాఠాలను ఇళ్లకు పంపుతోంది. ఇవి డిగ్రీలు కావు. అయితేనేమి? డిగ్రీ ఇస్తామని చెప్పకుండా పాఠం చెప్పేవారిపై నాకు నమ్మకం ఎక్కువ.

వేదాధ్యయనం విషయంలో మాత్రం ఎవరైనా ఆగి ఆలోచించాలి. తన కుమారుడైన విశ్వరూపుని వధించిన ఇంద్రుని చంపగల పుత్రుని కోరి త్వష్ట హోమం చేశాడు. మంత్రంలోని ఒక్క పదానికి స్వరం తప్పింది. 'ఇంద్రుని చంపేవాడు' కావలసినవాడు 'ఇంద్రుడు చంపేవాడు' అయ్యాడు. అలా పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడయ్యాడు. ఉదాత్తానుదాత్తాలు అచ్చు పుస్తకంతో పట్టుబడవు, రికార్డు చేసిన పాఠంతోనూ పట్టుబడవు. రికార్డు మనకు వినిపిస్తుందే గాని మన తప్పు వినదు. ఫోనులోనైనా సరే, గురువు ప్రతి దినం మీ పనస విని, ఆపి, దిద్దుతున్నాడా? దిద్దితే అది దూరమైనా గురుకులమే. ఆ గురువు ఏ శాఖ, ఎవరి వద్ద అధ్యయనం చేశారో అడగండి. అడిగితే నొచ్చుకునే చోట చేరవద్దు. అక్కడ చదువు ముగించిన ఇద్దరిని కలిసి, ఒక అనువాకం చెప్పించుకోండి.

ఇక ఆ అబ్బాయి అర్చకత్వమే కోరితే మరొక మాట. యాదగిరిగుట్టలో ఆరాధన పాంచరాత్ర ఆగమానుసారం జరుగుతుంది. తిరుమంజనం, అలంకారం, ముద్రలు పెద్దల పక్కన నిలిచి చేతితో నేర్వవలసినవి. రుసుము చెల్లించే ముందే, ఆ పట్టాను అంగీకరిస్తారో లేదో ఆలయ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నాయనమ్మను మాత్రం ఆపకండి. ఆమె తొలి పాఠం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.