లువాండా వెళ్తున్నారా? ధర ఎక్కడ పుడుతుందో ముందు చూడండి

అంగోలా రాజధాని లువాండాలో మా గోదాము ముందు ఒక్కో కంటెయినర్ తలుపు తీస్తుంటే ఈ దేశపు వంటిల్లు సగం కళ్లముందుంటుంది. బ్రెజిల్ కోళ్లు, థాయ్‌లాండ్ బియ్యం, పోర్చుగల్ నూనె, చైనా బకెట్లు. నేనిక్కడ ఓ దిగుమతి కంపెనీలో స్టోర్సు చూస్తాను. మాది కాకినాడ. ఆఫ్రికా రేవులకు వెళ్లే బియ్యం బస్తాలు ఓడకెక్కడం చూస్తూ పెరిగినవాణ్ని. ఇప్పుడు సరుకు దించుకునే వైపు నిలబడ్డాను.

పనిమీదో, ఊరు చూద్దామనో ఇటు రాబోయేవాళ్లు ఫోను చేసి ముందుగా అడిగేది డబ్బు సంగతే. "అక్కడన్నీ మంట ధరలటగా, ఎంత తెచ్చుకోమంటారు?" అంటారు. నాకు తెలిసిన లెక్క ఒకటే. ఓడ దిగి వచ్చిందల్లా ఇక్కడ ప్రియం. ఇక్కడి నేలా, ఇక్కడి సముద్రమూ ఇచ్చింది అంత ప్రియం కాదు. ఇది పట్టుకుంటే ఖర్చు సగం చేతిలోకి వస్తుంది. మిగతా సగం, ఎక్కడ పొదుపు చేయకూడదో తెలుసుకోవడం.

మంట ఎందుకు పుట్టింది

విదేశీ ఉద్యోగులకు అయ్యే ఖర్చును బట్టి నగరాలకు వరస కట్టే మెర్సర్ సంస్థ 2013, 2014, 2015లలో లువాండానే ప్రపంచంలో మొదటి స్థానంలో పెట్టింది. 2017లో మళ్లీ అదే. ఒకప్పుడు ఈ దేశం కాఫీ పండించడంలో ప్రపంచంలోని పెద్ద దేశాల సరసన ఉండేది. 1975 నవంబరు 11న పోర్చుగీసు పాలన పోయింది, అంతర్యుద్ధం ముంచుకొచ్చింది. 2002 దాకా అది ఆగలేదు. తోటలు బీడుపడ్డాయి, పొలాల్లో మందుపాతరలు మిగిలాయి, పల్లెల జనం ప్రాణాలు అరచేత పట్టుకుని రాజధానికి చేరారు. మరోపక్క సముద్రం అడుగునుంచి చమురు, దాని వెంట డాలర్లు వచ్చాయి. పండించేవాళ్లు తగ్గి, కొనేవాళ్లు పెరిగారు. తిండి ఓడల్లో రావలసి వచ్చింది. జనరేటర్ డీజిలు, ట్యాంకరు నీళ్లు, గేటు దగ్గర కాపలా అన్నీ కలిసి హోటలు గది అద్దెలో కూర్చున్నాయి.

2014లో చమురు ధర పడ్డాక ఇక్కడి కరెన్సీ క్వాంజా కూడా నీరసించింది. డాలర్లు తెచ్చుకునేవాళ్లకు ఒకప్పటి మంట ఇప్పుడు లేదు. క్వాంజాల్లో జీతం తీసుకునే మా గోదాము కుర్రాళ్లకు మాత్రం ప్రతి నెలా బజారు బరువే. రోడ్డు పక్కన బుట్ట దించుకుని మామిడిపళ్లు అమ్మే ఆవిడతో గీచి గీచి బేరమాడబోయే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఊళ్లో ఉండగానే చేయాల్సినవి

మొదటిది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. టీకా వేశాక ఇచ్చే పసుపుపచ్చ కార్డు ఇక్కడ దిగేటప్పుడే కాదు, మన దేశంలో మళ్లీ అడుగుపెట్టేటప్పుడూ చూపాలి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. మలేరియా మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి. ఇక్కడ మలేరియా పల్లెల జబ్బు కాదు, నగరం నడిబొడ్డున కూడా పట్టుకుంటుంది.

2023లో అంగోలా 98 దేశాల పర్యాటకులకు వీసా ఎత్తేసింది. మన పాస్‌పోర్టూ ఆ జాబితాలో ఉంది, ఒక్కో రాకకు 30 రోజులు ఉండొచ్చు. ఉద్యోగానికొచ్చేవాళ్లకు ఇది వర్తించదు. రూల్సు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు వాళ్ల రాయబార కార్యాలయంలో కనుక్కోండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్‌లోనో అడిస్ అబాబాలోనో మారాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడ కసింబో కాలం. వాన ఉండదు, ఎండ మబ్బు చాటున ఉంటుంది. మొదటిసారి వచ్చేవాళ్లకు అదే మంచి అదను. మార్చి, ఏప్రిల్ వానల్లో వీధులు చెరువులవుతాయి.

పొదుపు చేయకూడని చోట్లు

మొదటిది బస. పని పాత నగరం బైషాలో పెట్టుకుని, గది చవకగా దొరికిందని దక్షిణాన తలతోనాలో దిగితే పొద్దున, సాయంత్రం ట్రాఫిక్‌లోనే తెల్లారుతుంది. ఆదా చేసిన డబ్బు కారు బాడుగకే పోతుంది. కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది, పాతది ఊళ్లోనే ఉంది. టికెట్టు మీద ఏది రాసుందో చూసి, దాన్ని బట్టి కారు ముందే మాట్లాడుకోండి.

నీలం, తెలుపు రంగుల టయోటా వ్యాన్లు కనిపిస్తాయి, కందొంగేరులంటారు. ఊరంతా తిరిగేది వాటిలోనే. తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ కుర్రాడు ఊరిపేర్లు అరుస్తుంటాడు. చార్జీ స్వల్పం. కానీ పోర్చుగీసు రాకుండా, దారి తెలియకుండా ఒంటరిగా ఎక్కకండి. తెలిసినవాళ్లతో పగటిపూట ఒకసారి ఎక్కి చూడండి. మిగతా వేళల్లో యాప్ ట్యాక్సీ మేలు. చీకటి పడ్డాక ఫోను చేత్తో ఊపుకుంటూ నడవడం వద్దు.

డాలర్లు కొత్త నోట్లుగా, మడతల్లేకుండా తెచ్చుకోండి. పేవ్‌మెంటు మీద కూర్చుని నోట్ల కట్టలు చూపే ఆడవాళ్లను కింగీలాలంటారు. ఒకప్పుడు బ్యాంకు రేటుకీ వాళ్ల రేటుకీ కొన్ని రెట్ల తేడా ఉండేది. ఇప్పుడా తేడా బాగా తగ్గింది, కాబట్టి చట్టానికి బయట చేయి చాపే అవసరం లేదు. బ్యాంకులో మార్చి రసీదు దాచుకోండి. క్వాంజాలు ఈ దేశం దాటితే ఎవరూ తీసుకోరు, కొద్దికొద్దిగానే మార్చుకోవాలి. ప్రయాణ బీమా మాత్రం తప్పనిసరి, చికిత్సకు వేరే దేశానికి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో ముందు డబ్బు కట్టమంటారు.

తక్కువలో ఎక్కువ దొరికే చోట్లు

సూపర్ మార్కెట్లో యూరప్ జున్ను, పెట్టెల్లో వచ్చిన ద్రాక్ష కొంటే జేబు ఖాళీ. ఇల్యా అనే ఇసుక నాలుక మీదికి వెళ్లండి. పెద్ద రెస్టారెంట్లు దాటి, బొగ్గుల పొయ్యిలున్న చోట కూర్చోండి. ముఫేటే అడగండి. చేపను చీల్చి, ఉప్పు రాసి, బొగ్గుల మీద కాలుస్తారు. చర్మం చిటపటమంటూ పొంగి, అక్కడక్కడ నల్లబడ్డాక పళ్లెంలో పెట్టి, పక్కన పామాయిల్లో ఉడికించిన బీన్సు, చిలగడదుంప, కర్రపెండలం, అరటికాయ సర్దుతారు. పైన సన్నగా తరిగిన ఉల్లి, వెనిగరు. జిందుంగు అనే మిరపకాయ విడిగా ఇస్తారు, గుంటూరు నాలుకని నమ్ముకుని చెంచాడు పోసుకోకండి. ఫుంజి కూడా తిని చూడండి, కర్రపెండలం పిండితో చేసిన సంకటి అనుకోవచ్చు. శాకాహారులకు బీన్సు, దుంపలు, వేరుసెనగతో వండే కర్రపెండలం ఆకు కూర ఉన్నాయి. ఎండుచేప వేశారేమో అడిగి మరీ తినండి. ఏది అడిగినా ముందు "బోం దియా" అనాలి. పలకరింపు లేకుండా ధర అడిగితే ఇక్కడ మొరటుతనం.

చూడాల్సినవి ఖర్చుతో కూడినవి కావు. 1576లో నగరంతోపాటే మొదలైన సావ్ మిగెల్ కోటలో గోడల నిండా నీలి, తెలుపు పలకల మీద ఈ దేశ చరిత్ర, జంతువులు, చెట్లు. స్వాతంత్ర్యం వచ్చాక పీఠాల మీంచి దింపిన పోర్చుగీసు విగ్రహాలను ఈ కోటకే చేర్చారు. పైనుంచి అఖాతమంతా కనిపిస్తుంది. దక్షిణం దారిలో ముసులో అనే ఇసుక నాలుకకు ఎదురుగా బానిసత్వ మ్యూజియం ఉంది. అమెరికా ఖండాలకు, ముఖ్యంగా బ్రెజిల్‌కు, ఆఫ్రికన్లను అత్యధికంగా ఓడలకెక్కించిన రేవు లువాండాయే. ఎక్కించే ముందు బాప్తిస్మం ఇచ్చిన ప్రార్థనాలయంలోనే ఆ మ్యూజియం పెట్టారు. అదే దారిలో ఇంకా ముందుకెళ్తే మిరాదోరు ద లువా వస్తుంది. వాన, గాలి కోసేసిన ఎర్రమట్టి శిఖరాలు. నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకుంటే ఇవన్నీ ఒకే రోజులో అవుతాయి. పోలీసులను, సైనికులను, ప్రభుత్వ భవనాలను, రేవును ఫోటో తీయకండి. పాస్‌పోర్టు నకలు జేబులో ఉండాలి.

ఇంటికి చేరాక ఒక పని మిగిలే ఉంటుంది. కొన్ని వారాల్లోపు జ్వరం తగిలితే వైరల్ అని పడుకోకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించి, డాక్టరు అడగకముందే అంగోలా వెళ్లొచ్చానని చెప్పండి. ఇక్కడి మలేరియా ఆలస్యాన్ని క్షమించదు.