జెల్డా క్రీడలకు వార్తికములు

మూలమునందుఁ జెప్పఁబడినదానిని, చెప్పఁబడనిదానిని, తప్పుగాఁ జెప్పఁబడినదానిని విచారించునది వార్తికమని పెద్దలు లక్షణము చేసిరి. వార్తికమునకు స్వతంత్రమైన జీవనము లేదు. అష్టాధ్యాయి నెఱుఁగనివాఁడు కాత్యాయనుని వాక్యములను విడిగాఁ జదివినచో వానిలో నొక్కటియు బోధపడదు. ఇచ్చట నిదియుఁ జేర్పవలెనని, అచ్చట నది కూడదని మాత్రమే వార్తికము పలుకును. ఆ యిచ్చట, అచ్చట యనునవి యెచ్చటనో తెలుపవలసినది సూత్రమే. మన భాషయందు 1858లో వెలసిన బాలవ్యాకరణమునకు 1885లో వెలువడిన ప్రౌఢవ్యాకరణ మిట్టి సంబంధము గలదే. బాలవ్యాకరణమును దగ్గఱ నుంచుకొననివానికి, త్రిలింగలక్షణశేషమను దాని రెండవ పేరే యర్థము కాదు. దేనికి శేషమో తెలిసిననే కదా శేషము తెలియుట.

ఈ లక్షణము గల రచనలు సుమారు ముప్పది సంవత్సరములుగా మఱియొక క్షేత్రమున విరివిగాఁ బుట్టుచున్నవి. అవి పాత వీడియో క్రీడలకు అభిమానులు చేయు సంస్కరణములు. వీనిని బిల్లల యాటలని త్రోసివేయుట సులభము. కాని వీనిని జేయువారు ప్రతులను శోధించుట, పాఠమును నిర్ణయించుట, లిపిని ఛేదించుట, లాఘవమును సాధించుట యను పనులను నిత్యము చేయుచున్నారు. ఆ పనులు మనవి. కావున నీ విషయము మన పత్రికకుఁ బరాయిది కాదు. గ్రంథవిస్తరభయమున, జపానుదేశపు నింటెండో సంస్థవారి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' యను క్రీడాపరంపర నొక్కదానినే యుదాహరణముగాఁ గైకొందును.

మొదట మూలస్వరూపము. షిగెరు మియామోటో, తకాషి తెజుకా యనువారు రూపొందించిన తొలి క్రీడ 1986 ఫిబ్రవరిలో జపానునందు డిస్కురూపమునను, 1987లో అమెరికాయందుఁ గార్ట్రిడ్జి రూపమునను వెలువడెను. లింకు అను బాలుఁడు ఖడ్గమును బూని, యడవులు, గుహలు, పాతాళగృహములు వెదకి, ఎనిమిది తునుకలైన ట్రైఫోర్సు అను త్రికోణమును గూర్చి, గానన్ అను దుష్టుని గెలిచి, రాజపుత్రియైన జెల్డాను విడిపించుట దీని కథ. కార్ట్రిడ్జిలోని స్మృతిఖండము కర్మాగారమున నొక్కమాఱు వ్రాయఁబడినదే. తరువాత దానిని జదువవచ్చునే కాని మార్పరాదు. దానిని రోమ్ అందురు. తొలి క్రీడయొక్క కార్ట్రిడ్జి రోమ్ 1,31,072 బైట్లు. 1991 నవంబరులో సూపర్ ఫామికామ్ యంత్రమునకు వచ్చిన 'ఎ లింక్ టు ది పాస్ట్' 10,48,576 బైట్లు. 1998లో నింటెండో 64 యంత్రమునకు వచ్చిన 'ఒకరీనా ఆఫ్ టైమ్' 3,35,54,432 బైట్లు. బైటనఁగా 0 మొదలు 255 వఱకుఁ గల యొక సంఖ్య. అక్షరములు, చిత్రములు, సంగీతము, శత్రువుల నడక, తలుపుల తాళములు, సమస్తము నీ సంఖ్యల వరుసయే. ఆ వరుసను గంప్యూటరులోనికిఁ బ్రతి యెత్తుకొని, పాత యంత్రపు నడక ననుకరించు ఎమ్యులేటరు సాయమున నాడవచ్చును. తాళపత్రమునకు ఎత్తివ్రాసిన ప్రతి యెట్టిదో, కార్ట్రిడ్జికి ఇది యట్టిది.

అభిమాని యీ వరుసలోఁ గొన్ని సంఖ్యలను మార్చును. మార్చిన ప్రతి నంతటిని లోకమున కిచ్చినచోఁ బరుల సొత్తును బంచిపెట్టినట్లగును. కావున మార్పులను మాత్రమే వేఱుచేసి చిన్న ప్రతిగా నిత్తురు. దీనిని ప్యాచ్ అందురు. మన మాటలో నతుకు. చిరకాలము వాడుకలోనున్న ఐపిఎస్ అను పద్ధతిలో నతుకు నిర్మాణ మిట్లుండును. మొదట ప్యాచ్ అను ఆంగ్లపదముయొక్క అయిదక్షరములు మంగళాచరణమువలె నుండును. పిదప సూత్రములవంటి ఖండములు. ప్రతిఖండమునను మూఁడు బైట్లు స్థానమును, రెండు బైట్లు పొడవును దెలుపును. వాని తరువాత నచ్చట నుంచవలసిన క్రొత్తసంఖ్యలు వచ్చును. కడపట ఈ, ఓ, ఎఫ్ అను మూఁడక్షరములు సమాప్తిచిహ్నము. ఆదేశమును మాత్రమే చెప్పును. స్థానిని మూలమునందే చూచుకొనవలెను.

ఈ లాఘవము వలన రెండు చిక్కులు గలిగినవి. మూఁడు బైట్లతో 1,67,77,216 స్థానములకు మించి చెప్పుట యలవి కాదు. ఒకరీనా సరిగా దానికి రెట్టింపు గావున నీ పద్ధతి దాని యుత్తరార్ధము నంటఁజాలదు. రెండవ చిక్కు మన శాస్త్రమువారికి మఱింత పరిచితము. సమాప్తిచిహ్నమైన మూఁడక్షరములను సంఖ్యగాఁ జదివినచో 45,42,278 అగును. ఒక ఖండము సరిగా నా స్థానముననే మొదలైనచో దానిని స్థానమని చదువవలెనా, సమాప్తియని చదువవలెనా? మాహేశ్వరసూత్రములయందు ణకారానుబంధము రెండు మాఱులు పఠింపఁబడుటచే, అణ్ అను ప్రత్యాహారము మొదటి ణకారముతోనా, రెండవదానితోనా యను సందేహము పుట్టినది. అచ్చట వ్యాఖ్యానము దిక్కయినది. యంత్రమునకు వ్యాఖ్యానము లేదు. కావున నెఱిఁగినవారు ఆ ఖండమును ఒక బైటు ముందునుండి మొదలుపెట్టి, మార్పు లేని యా బైటును గూడ మరల వ్రాసి చిక్కును దప్పింతురు. లాఘవమున నొక బైటు నష్టము, నిస్సందేహత లాభము.

వీనికంటెఁ బెద్దచిక్కు మూలపాఠమునకు సంబంధించినది. సూపర్ ఫామికామ్ క్రీడలను బ్రతి యెత్తెడి కొన్ని యంత్రములు తమ యుపయోగమునకై ప్రతికి మొదట 512 బైట్ల శీర్షికను జేర్చెడివి. శీర్షిక గల ప్రతిని జూచి చేసిన యతుకును శీర్షిక లేని ప్రతికిఁ దగిలించినచో, ప్రతిమార్పును 512 స్థానముల దూరమునఁ బడును. తలుపు మాఱవలసినచో సంగీతము చెడును. మాట మాఱవలసినచో యంత్రము నిలిచిపోవును. అతుకు మంచిదే, ప్రతియు మంచిదే, సంబంధమే చెడ్డది. ఒకరీనా విషయమున సాక్షాత్తు పాఠభేదమే కలదు. మొదటి ప్రతులలో అగ్న్యాలయ సంగీతమున ఇస్లాము ప్రార్థనావచనములు వినవచ్చెడివి; ప్రతినాయకుఁడైన గానన్‌డార్ఫ్ రక్తము ఎఱ్ఱగా నుండెడిది. తరువాతి ప్రతులలో గానమును మార్చిరి, రక్తమును పచ్చచేసిరి. పేరొకటియే, పెట్టె యొకటియే, లోపలి పాఠము వేఱు.

పిమ్మట వచ్చిన బిపిఎస్ అను పద్ధతి దీనికి మందు కనిపెట్టినది. మూలమునందలి బైట్లన్నిటినుండి లెక్కించిన యొక పరీక్షాసంఖ్య యతుకులోనే వ్రాయఁబడియుండును. ఎదుటనున్న ప్రతికి ఆ సంఖ్య కుదరనిచో నతుకు తగులదు. ఫలితమైన ప్రతికిని, అతుకునకును గూడ నట్టి సంఖ్యలు గలవు. నేను ఫలాని పాఠమునకే వార్తికమనని వార్తికమే ప్రమాణము చేయుట యిది.

ఇఁక నీ రచనలను వార్తికలక్షణము ననుసరించియే మూఁడుగా విభజింపవచ్చును. మొదటిది దురుక్తవిచారము. జపాను యంత్రమున రెండవ మీటలపెట్టెకు మైక్రోఫోను గలదు. తొలి క్రీడలోని పోల్స్ వాయిస్ అను పెద్దచెవుల భూతము, ఆడువాఁడు మైక్రోఫోనులో నఱచినచోఁ జచ్చును. అమెరికా యంత్రమునకు మైక్రోఫోను లేదు గనుక నచ్చట నది బాణమునకుఁ జచ్చునట్లు మార్చిరి. కాని పెద్దచప్పుడనిన దానికి సరిపడదను మాట ఆంగ్లపుస్తికలో నట్లే నిలిచినది. అర్థము పోయి శబ్దము మిగిలినది. 'ఎ లింక్ టు ది పాస్ట్' క్రీడకు జపానునామము 'కామిగామి నో ట్రైఫోర్స్', దేవతల ట్రైఫోర్సని యర్థము. ఆంగ్లనామమున దేవతలు మాయమైరి. జపానుమూలమునఁ బురోహితుఁడైన అగానిం ఆంగ్లమున మాంత్రికుఁడయ్యెను. మతసంబంధమైన మాటలను దొలగించుట యమెరికాశాఖవారు నాఁడు పాటించిన నియమము. అభిమానులు జపానుమూలమును మరలఁ జదివి, క్రొత్త యనువాదముల నతుకులుగా వెలువరించిరి.

ఈ పనికి ముందు లిపిని ఛేదింపవలెను. ఏ యక్షరమునకు ఏ సంఖ్య యనునది యొక్కొక్క క్రీడలో నొక్కొక్క తీరు. ఖడ్గవాచకమైన స్వోర్డ్ అను పదమున ఎస్, డబ్ల్యూ, ఓ, ఆర్, డి యను నక్షరములు గలవు. వర్ణమాలయందు ఎస్ నుండి డబ్ల్యూ నాలుగు ముందునకు, దానినుండి ఓ యెనిమిది వెనుకకు, దానినుండి ఆర్ మూఁడు ముందునకు, దానినుండి డి పదునాలుగు వెనుకకు. అక్షరములు వర్ణక్రమముననే కూర్పఁబడియున్నచో, సంఖ్య లేవైనను ఈ యంతరములు మాఱవు. అట్టి యంతరముల వరుస రోమ్‌లో నెచ్చటఁ గనఁబడునో వెదకి, యొక పదమును బట్టుకొని తక్కిన యక్షరముల నన్నిటిని సాధింతురు. తెలిసిన యొక పేరును బట్టుకొని శాసనలిపిని చదువు మార్గ మిదియే.

రెండవది అనుక్తవిచారము. తొలి క్రీడయొక్క నియమములను నిలిపి, భూమిని, పాతాళగృహములను సంపూర్ణముగా మార్చి 'ఔట్‌లాండ్స్' అను క్రొత్తకథను గల్పించిరి. 'ఎ లింక్ టు ది పాస్ట్' మీఁద నట్లే చేసిన 'ప్యారలల్ వరల్డ్స్' కాఠిన్యమునకుఁ బేరొందినది. లుప్తగ్రంథోద్ధరణము నీ వర్గమునకుఁ జేరును. 1995 ఆగస్టులో జపానునందు 'బిఎస్ జెల్డా' యను క్రీడ నాలుగు వారములు ఉపగ్రహము ద్వారా ప్రసారితమయ్యెను. నటుల స్వరము ప్రసారముతో నాక్షణమున వచ్చుచుండెడిదే కాని స్మృతిఖండమున నిలుచునది కాదు. ఆ ప్రసారసేవయు 2000 జూనులో నాఁగిపోయెను. కొందఱి స్మృతిఖండములలో మిగిలిన ప్రతులను వెదకి తెచ్చి, ప్రసారము లేకయే యాడుట కనువుగా నభిమానులు సవరించిరి. వారు పూనుకొననిచో నది నేఁడు పేరుమాత్రముగా నిలిచెడిది.

మూఁడవది ఉక్తవిచారము. ర్యాండమైజరు అను కార్యక్రమము మూలమునందలి వస్తువుల నుంచి, వాని చోట్లను మాత్రము తాఱుమాఱు చేయును. దీపము, సుత్తి, ఈఁతరెక్కలు, తాళపుచెవులు ప్రతిమాఱు నొక క్రొత్తచోట దొరకును. ఇందొక గొప్ప దోషమునకు అవకాశము గలదు. తాళపుచెవి యా తాళము గల గదిలోనే పడినచో, గది తెఱచుటకుఁ జెవి కావలెను, చెవి దొరకుటకు గది తెఱవవలెను. ఇది మన భాష్యకారులు పలుమాఱులు పరిహరించిన యితరేతరాశ్రయదోషమే. కావున ర్యాండమైజరు ఏ స్థలమున కేది యపేక్షితమో ముందుగా లెక్కించి, ముగింపు చేరుట సాధ్యమైన కూర్పునే యిచ్చును. ఈ పనికై క్రీడయందలి యపేక్షల నన్నిటిని సూత్రీకరింపవలసివచ్చెను. 'సూపర్ మెట్రాయిడ్' అను మఱియొక క్రీడను 'ఎ లింక్ టు ది పాస్ట్' తోఁ గలిపి, ఒకదాని వస్తువులు రెండవదానిలో దొరకునట్లు చేసిన కూర్పు నీ శాస్త్రమునకుఁ బరాకాష్ఠ.

వార్తికమునకుఁ బిదప భాష్యము. జెల్డా రివర్స్ ఇంజినీరింగ్ టీమ్ అను సమాజమువారు ఒకరీనాయందలి యంత్రసంఖ్యలను జూచి, వానికి మూలమైయుండఁదగిన సి భాషావాక్యములను దిరిగి రచించి, 2021 నవంబరులో నా పనిని ముగించిరి. ఆ వాక్యములను మరల యంత్రభాషలోనికిఁ దెచ్చినచో, క్రీడయొక్క ఒకానొక ప్రతితో బైటునకు బైటు సరిపోవును. చిత్రములను, ధ్వనులను వారు పంచిపెట్టరు; చదువరి తన ప్రతినుండి తీసికొనవలెను. వ్యాఖ్యనుండి సూత్రము తిరిగి యక్షరము తప్పక పుట్టుట కంటె వ్యాఖ్యకుఁ గఠినమైన పరీక్ష వేఱొకటి గలదా?

ఇవి ధర్మసమ్మతములా యను ప్రశ్నము గలదు. క్రీడయందలి హక్కులు సంస్థలవి. రోమ్‌ను బంచిపెట్టుట తప్పనుటలో వివాదము లేదు. అతుకునందు క్రొత్తసంఖ్యలే యుండును గాన నది నిర్దోషమని చేయువారందురు. కాని యీ వాదము పూర్తిరక్ష కాదు. 2009 మేలో, 'క్రోనో ట్రిగర్' అను క్రీడకు నతుకుగా సిద్ధమగుచుండిన 'క్రిమ్సన్ ఎకోస్' రచనను నిలుపవలెనని స్క్వేర్ ఎనిక్స్ సంస్థవారు నోటీసు పంపఁగా, అది ముగింపుదశలో నాఁగిపోయెను. పాత్రలును గథయు మూలకారునివే యైనప్పుడు, సంఖ్యలు క్రొత్తవనుట చాలదు. 2005నుండి యతుకులకుఁ బ్రధానభాండాగారమైన రోమ్‌హ్యాకింగ్ డాట్ నెట్ సయితము 2024 ఆగస్టునుండి క్రొత్తరచనలను గైకొనుట మానివేసి, తన సంచయమును ఇంటర్నెట్ ఆర్కైవునకు సమర్పించినది.

ఇంత వ్రాయుటకుఁ గారణమును జెప్పి విరమింతును. కొన్ని యేండ్ల క్రిందట నొక ప్రబంధమునకు సంబంధించిన పాఠాంతరముల పట్టిక నాకు లభించెను. వ్రాసినవాఁడు విద్వాంసుఁడే. పుట, పంక్తి, శుద్ధపాఠము, అన్నియు ముత్యములవంటి యక్షరములతో నున్నవి. ఏ ముద్రణపుఁ బుటయో మాత్రము వ్రాయలేదు. నాకు దొరకిన మూఁడు ముద్రణములతో సరిచూచితిని, ఒక్కదానితోను గుదరలేదు. ఒకని జీవితకాలపుఁ బరిశ్రమ యట్లు మూలమును గోలుపోయిన వార్తికమై నా పెట్టెలో నున్నది. ఆటల నతికెడి యువకులు పరీక్షాసంఖ్య యొకటి చేర్చి యీ యాపదను దప్పించుకొనిరి. మనకుఁ బరీక్షాసంఖ్య యక్కఱలేదు. ఏ ప్రతి, ఎచ్చటి ప్రతి, ఏ సంవత్సరపు ముద్రణము అను నొక్కపంక్తి చాలును. పాఠాంతరములను సేకరించు పండితులు తమ పట్టికల మొదట నా యొక్కపంక్తిని వ్రాయుదురు గాక.