మీకు తెలుసా? దెబ్బలు తిన్నవారికి చట్టం ఇచ్చే ఆసరా

కొట్లాటలో ఎవరికైనా తల పగిలిందంటే, మన ఎస్.కోట చుట్టుపక్కల పల్లెల్లో పెద్దమనుషులు కూర్చోవడం మామూలే. అక్కడ తరచూ వినిపించే మాట: "ఆసుపత్రి కర్చు మేం ఎట్టుకుంటాం, కేసు ఒగ్గేయండి." ఆ చేతికందేది చాలాసార్లు మొదటి రెండు రోజుల మందుల డబ్బే. తర్వాత వచ్చే స్కానింగులు, ఆపరేషను, కూలికి వెళ్లలేని నెలలు మాత్రం దెబ్బ తిన్న కుటుంబమే మోస్తుంది. ఇల్లాలి మెడలో బంగారం తాకట్టుకు వెళ్తుంది. అలాంటివాళ్ల కోసం చట్టంలో దారులున్నాయి. అవి దయాధర్మాలు కావు. అడిగి తీసుకోవలసినవి.

పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదు

"ఇది పోలీసు కేసు, ముందు స్టేషనుకెళ్లి రండి" అని గాయపడిన మనిషిని తిప్పి పంపే హక్కు ఏ డాక్టరుకూ లేదు. 1989 ఆగస్టు 28న పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. కారు గుద్దిన ఒక స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రి చేర్చుకోలేదు. మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసు కేసులు చూసే ఆసుపత్రి 20 కిలోమీటర్ల అవతల ఉందని పంపేసింది. అతను దారిలోనే ప్రాణం వదిలాడు. ఈ ఘటనపై వచ్చిన పత్రికా వార్త ఆధారంగానే పిటిషన్ పడింది. ప్రాణం కాపాడడం మొదటి పని, కాగితాలు తర్వాత అని కోర్టు చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా ఇదే మాట వర్తిస్తుంది.

కొన్ని కేసుల్లో ప్రైవేటు ఆసుపత్రి కూడా పైసా అడగకూడదు

అత్యాచారం, యాసిడ్ దాడి, పిల్లలపై లైంగిక దాడి కేసుల్లో ప్రథమ చికిత్స గానీ వైద్యం గానీ ఉచితంగా, వెంటనే అందించాలి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేదు. పోలీసులకు కబురు కూడా ఆసుపత్రే పంపాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెప్పేది ఇదే. వైద్యం నిరాకరిస్తే బాధ్యులకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అది భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్. యాసిడ్ బాధితుల విషయంలో 2015 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరింత వివరంగా చెప్పింది. మందులు, భోజనం, పడక, ముఖాన్ని సరిచేసే శస్త్రచికిత్సలు అన్నీ ఉచిత వైద్యం కిందకే వస్తాయంది.

మిగతా దాడుల్లోనూ ఉచిత వైద్యానికి దారి ఉంది

కర్రలతో కొట్టినా, కత్తితో పొడిచినా బాధితుడికి ప్రథమ చికిత్స, వైద్య సదుపాయం ఉచితంగా అందించమని, ఉచిత న్యాయసాయం చూసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదేశించవచ్చు. సురక్షా సంహిత 396వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. అందుకు కావలసింది ఒక ధ్రువపత్రం. దాన్ని పోలీస్ స్టేషన్ బాధ్యతల్లో ఉన్న అధికారి గానీ, అంతకు పైవారు గానీ, ఆ ప్రాంత మేజిస్ట్రేటు గానీ ఇవ్వాలి. ఇదే సెక్షన్ కింద మధ్యంతర సాయం కూడా కోరవచ్చు. ఫిర్యాదు ఇచ్చే రోజునే ఈ ధ్రువపత్రం కూడా అడగండి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, దాన్నీ తీసుకోండి.

అన్నిటికీ మూలం ఊండ్ సర్టిఫికెట్

క్యాజువాలిటీలో డాక్టరు రాసే ఆ ఒక్క కాగితం మీదే కేసూ పరిహారమూ చాలావరకు ఆధారపడతాయి. అందులో గాయం ఎక్కడ ఉంది, పొడవు వెడల్పులు ఎన్ని సెంటీమీటర్లు, తాజాదా పాతదా, మొద్దు వస్తువుతో తగిలిందా పదునైనదానితోనా అన్నవి ఉంటాయి. మనిషిని గుర్తుపట్టడానికి పుట్టుమచ్చలూ రాస్తారు. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే చూశాకే గాయం చిన్నదో తీవ్రమైనదో తేలుస్తారు.

అందుకే మూడు జాగ్రత్తలు. కొట్టారన్న సంగతి డాక్టరుకు దాచకండి. కేసు భయంతో "మెట్ల మీద పడ్డాను" అని చెబితే ఆ మాటే రికార్డులోకి ఎక్కుతుంది. పైకి కనిపించని నొప్పులూ చెప్పండి: చెవిలో హోరు, చూపు మసక, పక్కటెముకల్లో పోటు. మెడికల్ షాపు బిల్లు, స్కానింగు రిపోర్టు, ఆటో కిరాయి చీటీ, ఏదీ పారేయకండి. ఒక సంచిలో తారీఖుల వారీగా పెట్టుకుంటే రేపు అర్జీకి అవే బలం.

ఒక్క పన్ను విరిగినా తీవ్ర గాయమే

చట్టం దృష్టిలో తీవ్ర గాయమంటే ప్రాణం మీదకు రావడం ఒక్కటే కాదు. ఎముక గానీ పన్ను గానీ విరిగినా, సడలినా అది తీవ్ర గాయమే. కంటిచూపు, వినికిడి శాశ్వతంగా పోయినా, ముఖం శాశ్వతంగా వికారమైనా అంతే. బాధితుడు రోజువారీ పనులు చేసుకోలేకపోయిన రోజులకూ లెక్క ఉంది. పాత శిక్షాస్మృతిలో అది 20 రోజులు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత దాన్ని 15 రోజులకు తగ్గించింది. పక్షం రోజులు మంచం దిగలేకపోయిన కూలి మనిషికి ఈ మార్పు చాలా పెద్దది. తీవ్ర గాయం కేసులో రాజీ పడాలంటే కోర్టు అనుమతి కావాలి. రచ్చబండ దగ్గర మాట అనుకుంటే సరిపోదు.

కొట్టినవాడు ఎవరో తెలియకపోయినా అడగవచ్చు

చీకట్లో ఎవరో కొట్టి పారిపోయారు. నిందితుడు దొరకలేదు, కోర్టులో విచారణే లేదు. అప్పుడు కూడా బాధితుడు గానీ, అతని మీద ఆధారపడినవాళ్లు గానీ నేరుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పరిహారం కోసం అర్జీ పెట్టుకోవచ్చు. 2008లో చేసిన సవరణతో ఈ ఏర్పాటు పాత నేర విచారణ స్మృతిలో 357ఏ సెక్షన్‌గా చేరి, 2009 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడది సురక్షా సంహితలో 396వ సెక్షన్. అర్జీ అందాక రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టమే గడువు పెట్టింది.

కేసు కొట్టేసినా దారి మూసుకుపోదు

మన కొండల అవతల, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల మండలంలోని వాకపల్లి పేరు చాలామందికి గుర్తే. 2007 ఆగస్టు 20న మావోయిస్టుల కోసం గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని అక్కడి 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. తీర్పు వచ్చేసరికి ఆ మహిళల్లో కొందరు బతికి లేరు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తులో లోపాలను తప్పుపట్టింది. అదే తీర్పులో, బాధిత మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని చెప్పింది.

ఇది చట్టంలో ఉన్న దారే. నిందితులు విడుదలైనా, బాధితులకు పునరావాసం అవసరమని కోర్టు భావిస్తే పరిహారానికి సిఫారసు చేయవచ్చు. శిక్ష పడకపోవడం పెద్ద అన్యాయంగా తోచవచ్చు, నిజమే. కానీ కేసు పోయిందని పరిహారం మాట కూడా వదులుకోవద్దు.

నేరస్తుడి బదులు ప్రభుత్వం చెల్లించడం మొదలైంది న్యూజిలాండ్‌లో

కొట్టినవాడి దగ్గర డబ్బు లేకపోతే బాధితుడి గతేమిటి? బ్రిటన్‌లో మార్జరీ ఫ్రై అనే మేజిస్ట్రేటు 1950లలో ఈ ప్రశ్న గట్టిగా లేవనెత్తారు. ప్రజలను కాపాడలేకపోయిన రాజ్యమే ఆ భారం పంచుకోవాలన్నది ఆమె వాదం. 1963లో చట్టం చేసి, 1964 జనవరి 1 నుంచి అమలు చేసిన మొదటి దేశం న్యూజిలాండ్. అదే ఏడాది బ్రిటన్, మరుసటి ఏడాది అమెరికాలో కాలిఫోర్నియా ఆ బాట పట్టాయి. 1985లో ఐక్యరాజ్యసమితి బాధితుల హక్కుల ప్రకటన చేసింది. ఇప్పుడు అమెరికాలోని ప్రతి రాష్ట్రంలో ఇలాంటి పరిహార నిధి ఉంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా దాడికి గురైతే, బీమా భరించని ఆసుపత్రి బిల్లుల కోసం ఆ రాష్ట్ర నిధికి దరఖాస్తు చేయవచ్చేమో వెంటనే కనుక్కోవాలి.

మహిళా బాధితులకు ఎంత?

జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో మహిళా బాధితుల కోసం ప్రత్యేక పథకం రూపొందించింది. సుప్రీంకోర్టు ఆమోదంతో అది 2018 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు. యాసిడ్ దాడిలో ముఖం వికారమైతే 7 నుంచి 8 లక్షలు. పునరావాసం అవసరమయ్యేంత తీవ్రమైన శారీరక, మానసిక గాయానికి లక్ష నుంచి 2 లక్షలు. బాధితురాలు మైనరైతే ఈ పరిమితి 50 శాతం పెరుగుతుంది. ఘటన జరిగిన నాటి నుంచి గానీ, విచారణ ముగిసిన నాటి నుంచి గానీ మూడేళ్లలో అడగాలి.

డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. సాధారణంగా అందులో 75 శాతం కనీసం మూడేళ్లపాటు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. వైద్యానికో చదువుకో అవసరమైతే ముందే తీసుకోవడానికి అనుమతి కోరవచ్చు.

కొండ దిగి వచ్చే దారిఖర్చు కూడా హక్కే

మన మండలంలోనే దారపర్తి పంచాయతీ కొండ శిఖర గ్రామాల నుంచి జబ్బు మనిషిని డోలీలో దించుకు రావలసిన పరిస్థితి మనం చూస్తున్నదే. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే కేసుల్లో, 1995 నియమావళిలోని 11వ నియమం ఈ కష్టాన్ని గుర్తించింది. దర్యాప్తుకో కోర్టుకో వచ్చే బాధితులకు, సాక్షులకు రానుపోను చార్జీలు, దినభత్యం ఇవ్వాలి. మహిళలు, పిల్లలు, 60 దాటిన పెద్దలు తమకు నచ్చిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. మందులు, స్పెషలిస్టు ఫీజు, రక్తం ఎక్కించిన ఖర్చు, ఆఖరికి భోజనం, పళ్లు, చిరిగిన బట్టలకు బదులు బట్టలు కూడా ఆ నియమంలో పేరుపేరునా ఉన్నాయి.

దీనికి తోడు నష్టపరిహారం వేరే ఉంది. 2016 సవరణ ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8.25 లక్షల వరకు దశలవారీగా ఇస్తారు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస జలాశయం భూముల తగాదాలో ఐదుగురు దళితులు హతమయ్యారు, ఎందరో గాయపడ్డారు. అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి మన విజయనగరం జిల్లాలో ఉంది. ఇలాంటి నియమాల అవసరం మన గడప ముందే ఉందని మరిచిపోకూడదు.

జరిమానా అంతా సర్కారు ఖజానాకే వెళ్లనక్కర్లేదు

నేరం రుజువైనప్పుడు జరిమానా సొమ్ములోంచి బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. జరిమానా వేయకపోయినా పరిహారం కట్టమని దోషిని ఆదేశించవచ్చు. ఆ అధికారాన్ని ధారాళంగా వాడాలని 1988లో హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. అదీ కొట్లాట కేసే. దెబ్బల వల్ల మాట సరిగా రాకుండా పోయిన యువకుడికి పరిహారాన్ని 50 వేలకు పెంచింది. యాసిడ్ దాడి కేసులోనైతే, వైద్య ఖర్చులకు సరిపడేలా జరిమానా వేయాలనీ, ఆ సొమ్ము బాధితురాలికే చెల్లించాలనీ చట్టమే చెబుతోంది. వాదనల సమయంలోనే ఆసుపత్రి బిల్లులు కోర్టు ముందు పెట్టమని ప్రభుత్వ న్యాయవాదిని అడగండి.

ఎక్కడికి వెళ్లాలి?

విజయనగరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. అంతదూరం వెళ్లలేనివారు ఎస్.కోట కోర్టులోని మండల న్యాయసేవా కమిటీని అడగవచ్చు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. అత్యవసరమైతే 112, మహిళలకు 181.

దెబ్బలు తిన్నవాళ్లు మంచం మీద ఉన్నప్పుడు ఈ సెక్షన్లు వెతుక్కోలేరు. ఆ పని చుట్టూ ఉన్నవాళ్లదే: బంధువులు, ఆశా కార్యకర్త, సచివాలయం మహిళా పోలీసు, పొరుగింటివారు. ఈసారి ఆసుపత్రికి పరామర్శకు వెళ్లినప్పుడు బిల్లులు ఒక్కచోట పెట్టించండి, ఎఫ్‌ఐఆర్ ప్రతి తెచ్చారా అని అడగండి, న్యాయసేవాధికార సంస్థకు అర్జీ రాయడానికి ఒక పూట కేటాయించండి. మన పల్లెల్లో ఇంకో కుటుంబం అప్పులపాలు కాకుండా ఆపగలిగే సాయం ఇదే.