హిమము పుట్టుక – మంచుచరియల ప్రమాదము

మంచు అను మాట మనకు చిరపరిచితమే. కాని మైదానములందు నివసించు మనము ధనుర్మాసపు వేకువను గడ్డిపరకలపై చూచునది నీటిబిందువు మాత్రమే. కొండలపై కురియు హిమము వేరు. నేడు మన పిల్లలు సెలవులలో మనాలికిని, సిక్కిముకును విహారయాత్రలు వెళ్ళుచున్నారు. కావున దాని అందముతోపాటు స్వభావమును గూడ తలిదండ్రులు ఎరిగియుండుట అవసరము.

మేఘములందలి ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు మిక్కిలి తగ్గినపుడు, సూక్ష్మమైన ధూళికణములను ఆధారముగా గొని మంచుస్ఫటికములు ఏర్పడును. పిమ్మట చుట్టునున్న నీటియావిరి ద్రవరూపము పొందకయే ఘనీభవించి వానిపై చేరుచుండును. మంచులో నీటియణువులు షట్కోణముగా అమరుటచే ఈ స్ఫటికములకు సాధారణముగా ఆరు కోణములో, ఆరు రెమ్మలో ఉండును. క్రిందిగాలియు చల్లగానున్నచో అవి కరగక హిమముగానే నేల చేరును.

ఒక్కొక్క పర్యాయము కురిసిన హిమము ఒక్కొక్క పొరగా పేరుకొనును. అన్ని పొరలును గట్టిగా అంటుకొనియుండవు. నడుమ బలహీనమైన పొర యున్నచో, క్రొత్త హిమపు బరువు, గాలి తెచ్చి పోసిన హిమము, ఎండవేడిమి, తుదకు ఒక మనుష్యుని అడుగు సైతము పైపొరను పలకవలె విరిచి క్రిందికి జార్పగలదు. 30 మొదలు 45 డిగ్రీల వాలుగల చరియలయందు ఈ ప్రమాదము హెచ్చు.

2023 ఏప్రిల్ 4వ తేదీన సిక్కిములో నాథులా కనుమకు పోవు మార్గమున మంచుచరియ పడి ఏడుగురు యాత్రికులు మరణించిరి. 13వ మైలు వరకే అనుమతి యుండగా 15వ మైలు వరకు యాత్రికులు పోయిరని స్థానికాధికారులు తెలిపిరి. శిక్షణ పొందిన సైనికులకు సైతము ఈ ఆపద తప్పదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది మంచుక్రింద పూడిపోయిరి. ధార్వాడ జిల్లావాడైన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు దినముల తరువాత ప్రాణముతో దొరికెను గాని, ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూసెను. అన్ని దినములు జీవించుట మిక్కిలి అరుదు. పదిపదిహేను నిమిషములలో వెలికితీసినవారిలో అత్యధికులు బ్రదుకుదురు; అరగంట దాటినచో ఆశ సన్నగిల్లును.

కావున పిల్లలకు ఈ విషయములు బోధింపుడు:

1. పెద్దగా హిమము కురిసిన పిదప ఒకటి రెండు దినములు వాలుచరియల చెంతకు పోరాదు.
2. అడుగుక్రింద గుభేలుమను శబ్దము వినబడినను, హిమముపై పగుళ్ళు కనబడినను, వచ్చిన దారినే వెంటనే మరలవలెను.
3. చరియను దాటక తప్పనిచో ఒక్కొక్కరుగా దాటవలెను. తక్కినవారు సురక్షితస్థలమున నిలిచి చూచుచుండవలెను.
4. మంచు మీదికి వచ్చినచో ప్రక్కకు తప్పుకొన యత్నింపవలెను. పూడిపోవుచున్నచో ముఖమునకు చేతులడ్డుపెట్టి ఊపిరికి చోటు చేసికొనవలెను.
5. తోడివారు చివర కనబడిన తావును గుర్తుంచుకొని, ఇక ప్రమాదము లేదని చూచుకొని, అచ్చటినుండి దిగువకు తక్షణమే వెదకవలెను.

చండీగఢ్‌లోని డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ హిమాలయప్రాంతములకు మంచుచరియల హెచ్చరికలు ప్రకటించుచున్నది. యాత్రకు సమ్మతిపత్రముపై సంతకము చేయుటకు ముందు, ఆ హెచ్చరికలను ప్రతిదినము చూచువారెవరు, ప్రమాదమున్న దినమున యాత్ర ఆపు అధికారము ఎవరిది అని నిర్వాహకులను తప్పక అడుగుడు. తగిన సమాధానము రానిచో సంతకము చేయకుడు.