ఆస్ట్రేలియా బిల్లులో పదకొండో వంతు

మెల్‌బోర్న్‌లో ఒక ల్యాప్‌టాప్ 2,200 డాలర్లకు కొన్నారనుకుందాం. అందులో 200 డాలర్లు పన్ను. కొన్న 60 రోజుల్లోపు ఆ ల్యాప్‌టాప్ మీతో పాటు దేశం దాటితే ఆ 200 మీకు తిరిగి ఇచ్చేస్తారు. మన రూపాయల్లో పది వేలకు పైమాటే. పిల్లల దగ్గర కొన్నాళ్లుండి వచ్చే అమ్మానాన్నలు, చదువు ముగించుకుని తిరిగొచ్చే విద్యార్థులు ఈ డబ్బును అక్కడే వదిలేసి రావడం చూస్తుంటాం. కొందరికి ఇలాంటి సదుపాయం ఉందనే తెలియదు. ఇంకొందరికి అన్నీ తెలిసినా బిల్లు సరిగ్గా ఉండదు. ఈ రెండోవాళ్లను చూస్తేనే ఎక్కువ బాధేస్తుంది. విమానాశ్రయంలో వాళ్లు ఎంత బతిమాలినా లాభం ఉండదు, పొరపాటు దుకాణంలోనే జరిగిపోయి ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. ఆస్ట్రేలియాలో జీఎస్టీ 2000 జులై 1 నుంచి అమల్లో ఉంది. రేటు 10 శాతం. మన దగ్గరలా వస్తువును బట్టి రకరకాల శ్లాబులు లేవు. దుకాణం అరల మీద అంటించిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. వంద డాలర్ల సరుకుకు పది కలిస్తే 110 అవుతుంది కాబట్టి, మీరు కట్టిన మొత్తంలో పదకొండో వంతు పన్ను. 2,200కు పది శాతం 220 వస్తుందని ఆశపడితే 20 డాలర్లు తగ్గుతాయి. 11తో భాగించి చూసుకుంటే చాలు.

ఈ పన్నును వెనక్కిచ్చే ఏర్పాటే టూరిస్ట్ రిఫండ్ స్కీమ్. ఆస్ట్రేలియన్ బోర్డర్ ఫోర్స్ దీన్ని నడుపుతుంది. పేరులో టూరిస్ట్ అని ఉన్నా, అక్కడి పౌరులూ శాశ్వత నివాసులూ కూడా దేశం దాటేటప్పుడు వాడుకోవచ్చు. ఆ విమానంలోనో ఓడలోనో పనిచేసే సిబ్బందికి మాత్రం వర్తించదు.

గుర్తుంచుకోవాల్సిన మొదటి అంకె 300. ఒకే వ్యాపార సంస్థ దగ్గర, పన్నుతో కలిపి, కనీసం 300 డాలర్ల కొనుగోలు ఉండాలి. 299 డాలర్లకు కొంటే వాపసు సున్నా. 300కు కొంటే 27 డాలర్ల 27 సెంట్లు. అంతా ఒకే రోజు, ఒకే బిల్లు మీద కొనాలని మాత్రం లేదు. ఒక దుకాణంలో ఈ వారం 180, మూడు వారాల తర్వాత 130 డాలర్ల సరుకు తీసుకుంటే మొత్తం 310. అన్నీ 60 రోజుల గడువులో ఉంటే 28 డాలర్ల 18 సెంట్లు వస్తాయి. ఒకే సంస్థ అవునా కాదా అన్నది బోర్డు మీద పేరు చూసి తేల్చుకోవద్దు. బిల్లు మీద 11 అంకెల ఆస్ట్రేలియన్ బిజినెస్ నంబర్ ఉంటుంది, దాన్నే ఏబీఎన్ అంటారు. రెండు బిల్లుల మీద ఏబీఎన్ ఒక్కటే అయితేనే కలుపుతారు. ఒకే బ్రాండు పేరుతో నడిచే రెండు ఫ్రాంచైజీ దుకాణాలకు వేర్వేరు నంబర్లు ఉండొచ్చు.

ఆ బిల్లును ఒకసారి చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చదవండి. ‘ట్యాక్స్ ఇన్‌వాయిస్’ అన్న మాట ఉందా? అమ్మినవారి పేరు, ఏబీఎన్, కొన్న తేదీ, ఏం కొన్నారో వివరం, ధర, పన్ను ఉన్నాయా? కార్డు గీకినప్పుడు మెషీన్‌లోంచి వచ్చే చిన్న స్లిప్పు దీనికి పనికిరాదు. ఇక బిల్లు 1,000 డాలర్లకు చేరితే కొన్నవారి పేరు కూడా దాని మీద ఉండాలి, అది పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవాలి. మన ఇళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. కొడుకో కూతురో తమ కార్డుతో డబ్బు కట్టేస్తారు, బిల్లు మీద వాళ్ల పేరే పడుతుంది, వస్తువు మాత్రం అమ్మ సంచిలో విమానమెక్కుతుంది. నిబంధన ప్రకారం డబ్బు కట్టినవారు, వాపసు అడిగేవారు, వస్తువును వెంట తీసుకెళ్లేవారు ఒక్కరే అయి ఉండాలి. అందుకని పెద్ద వస్తువు కొనేటప్పుడు అమ్మానాన్నలను దుకాణానికి తీసుకెళ్లి, వాళ్ల ఫారెక్స్ కార్డుతోనే కట్టించి, బిల్లు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే వాళ్ల పేరు రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి.

అసలు పన్నే వేయని వస్తువులకు వాపసు ఉండదు. తేనె, పసిపిల్లల పాలపొడి, చాలా రకాల మందులు ఈ కోవలోవి. 99.5 శాతం స్వచ్ఛత ఉన్న పెట్టుబడి బంగారానికీ జీఎస్టీ లేదు. 22 క్యారెట్ల నగకు ఉంది కాబట్టి నగ మీద అడగొచ్చు. హోటల్ గది, అద్దె కారు లాంటి సేవలకు, గిఫ్ట్ కార్డులకు, బీరు, విస్కీ, సిగరెట్లకు ఈ పథకం వర్తించదు. కొన్న చొక్కా తొడుక్కున్నా, కెమెరాతో ఫొటోలు తీసుకున్నా ఇబ్బంది లేదు. కానీ చాక్లెట్ పెట్టె విప్పి సగం తినేస్తే అది లెక్కలోకి రాదు.

వాపసు అడిగేటప్పుడు వస్తువులు ఒంటి మీదో, చేతి సంచిలోనో ఉండాలి. పాస్‌పోర్టు తనిఖీ దాటాక టూరిస్ట్ రిఫండ్ కౌంటర్ ఉంటుంది. అక్కడ పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్, బిల్లు, వస్తువు నాలుగూ చూపాలి. విమానం బయల్దేరే వేళకు 30 నిమిషాల ముందు వరకే తీసుకుంటారు. క్యూ పెద్దదైతే ఆ గడువు నిలబడి ఉండగానే దాటిపోతుంది. వివరాలను ముందే ఆన్‌లైన్‌లో నింపి క్యూఆర్ కోడ్ తెచ్చుకునే వీలుంది, దాన్ని తప్పకుండా వాడుకోండి. అడిలైడ్ నుంచి సిడ్నీ మీదుగా వస్తుంటే సిడ్నీలో, అంటే దేశం దాటే చోట అడగాలి. కౌంటర్ దగ్గర నగదు చేతికివ్వరు, క్రెడిట్ కార్డుకో ఆస్ట్రేలియా బ్యాంకు ఖాతాకో జమచేస్తారు. ఇండియాకు వచ్చేశాక అడిగే దారి లేదు.

అత్తరు, షాంపూ, వైన్ లాంటివి చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించి పోనివ్వరు. వాటిని పెద్ద సూట్‌కేసులో పెట్టక తప్పదు. కానీ సూట్‌కేసు ఎయిర్‌లైన్ వాళ్లకు అప్పగించక ముందే విమానాశ్రయంలోని బోర్డర్ ఫోర్స్ క్లయింట్ సర్వీసెస్ ఆఫీసులో ఆ సీసాలను చూపించి, బిల్లు మీద నమోదు చేయించుకోవాలి. చేతి సంచిలో పట్టనంత పెద్ద వస్తువులకూ ఇదే దారి. ఇది తెలియక సామాను ముందే ఇచ్చేసినవాళ్లకు లోపలి కౌంటర్ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు.

వైన్ మీద వాపసు ఎక్కువ. జీఎస్టీతో పాటు వైన్ మీద ప్రత్యేకంగా వేసే పన్ను కింద, కట్టిన ధరలో 14.5 శాతం కూడా ఇస్తారు. 440 డాలర్ల వైన్‌కు జీఎస్టీ 40, వైన్ పన్ను 63 డాలర్ల 80 సెంట్లు, మొత్తం 103 డాలర్ల 80 సెంట్లు. అయితే ఇండియాలో దిగేవారికి సుంకం లేకుండా అనుమతించే మద్యం 2 లీటర్లే. అందుకని 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు దాటి తెచ్చుకోవడం అర్థంలేని పని. సిగరెట్లు, విస్కీ కొనదలిస్తే విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణమే దారి. అక్కడ పన్ను లేకుండానే అమ్ముతారు, మళ్లీ వాపసు అడగడానికి ఏమీ మిగలదు.

అక్కడే స్థిరపడినవారు ఇంకో అంకె చూసుకోవాలి. ఆస్ట్రేలియాకు తిరిగి వచ్చేటప్పుడు 18 ఏళ్లు నిండినవారు 900 డాలర్లు, పిల్లలు 450 డాలర్ల విలువైన సరుకే పన్ను లేకుండా తేవచ్చు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి వస్తే మొత్తం 2,700. పరిమితి దాటితే పన్ను దాటిన భాగానికే అనుకోవద్దు, మొత్తం సరుకు మీద పడుతుంది. సిగరెట్లు 25, దానికి తోడు తెరిచిన ప్యాకెట్ ఒకటి, అంతే. జీఎస్టీ వాపసు తీసుకున్న ఫోను సెలవుల తర్వాత మీతోనే వెనక్కి వస్తే అదీ ఈ 900 డాలర్ల లెక్కలోనే చేరుతుంది. హైదరాబాద్‌లో పెళ్లికి కొన్న నగ కూడా అంతే. దాచిపెట్టి రావడం చట్టరీత్యా నేరం, దిగేటప్పుడు నింపే ప్యాసింజర్ కార్డులో నిజం రాసి కట్టాల్సింది కట్టేయడమే మంచిది.

అమ్మానాన్నల తిరుగు టికెట్ తేదీ తెలియగానే 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. పెద్ద కొనుగోళ్లు ఆ తేదీ తర్వాతే చేయండి, బిల్లులన్నీ ఒక కవర్లో వేసి వాళ్ల పాస్‌పోర్టుతో పాటే ఉంచండి.