నంబరు పెరిగితే నమ్మకం సన్నం

రాజపాళయం నూలు మిల్లుల వాళ్లకు ఒక సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు లావెక్కదు, సన్నబడుతుంది. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది అన్నో నంబరు నూలు. 40వ నంబరు కంటే 80వ నంబరు సన్నం. శ్రీకాకుళం వైపు పొందూరు ఖద్దరుకు పేరు తెచ్చింది అలాంటి సన్నపోగే.

విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం మనకు పరాయిది కాదు. తమిళనాట ఉన్నా తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రాజులు ఇక్కడున్నారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. అందుకే ఈ నంబర్ల తిరకాసు ఇక్కడ పిల్లలకూ తెలుసు. కంప్యూటర్ నెట్‌వర్కుల్లోనూ సరిగ్గా ఇలాంటి తిరకాసే ఒకటుంది. దాని పేరు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్. పనిలో ఉన్నవాళ్లు ముద్దుగా ‘ఏడీ’ అంటారు.

పేరులో దూరం ఉంది గానీ దీనికి కిలోమీటర్లతో సంబంధం లేదు. పేరు పెట్టినవాళ్లు చదివేవాళ్లను కాస్త ఇబ్బంది పెట్టారనే చెప్పాలి. ఇది నమ్మకానికి కొలత.

ఊహకు ఒక మిల్లు ఆఫీసును తీసుకుందాం. మూలన ఒక రూటర్, దానికి చెన్నై ఆఫీసుకు వెళ్లే ఫైబర్ లైను. రూటర్ తనలో దారుల పట్టిక ఒకటి పెట్టుకుంటుంది. సిస్కో రూటర్‌లో ఆ పట్టిక తెరిస్తే ఒక వరుస ఇలా కనిపించవచ్చు: ‘ఓ 10.20.5.0/24 [110/65]’. మొదటి అక్షరం ఆ దారి చెప్పిందెవరో తెలుపుతుంది. ‘ఓ’ అంటే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి. బ్రాకెట్లో గీతకు ఎడమన ఉన్న 110 ఏడీ. కుడివైపు 65 ఆ పద్ధతి తన లెక్కలో కట్టిన దారి ఖర్చు.

రెండు అంకెలెందుకు? రాజపాళయం నుంచి మదురైకి ఎంత దూరమని అడగండి. బస్సు కండక్టర్ స్టాపులు లెక్కపెడతాడు, లారీ డ్రైవర్ డీజిల్ లెక్క చెబుతాడు. ఇద్దరి అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. రిప్ అనే పాత పద్ధతి మధ్యలో ఎన్ని రూటర్లున్నాయో మాత్రమే చూస్తుంది. ఓఎస్‌పీఎఫ్ లైను వేగాన్ని బట్టి ఖర్చు కడుతుంది. ఒకే చోటుకు ఇద్దరూ వేర్వేరు దారులు చెబితే, ముందు మనిషిని ఎంచుకోవాలి. ఆ తర్వాతే అతని లెక్క.

ఆ మనిషిని ఎంచేదే ఏడీ. సిస్కో వరుసలో రూటర్‌కు నేరుగా తగిలించిన లైనుకు 0. కళ్లారా చూసినదానికి సాక్ష్యమెందుకు? మనిషి చేత్తో రాసిపెట్టిన స్టాటిక్ దారికి 1. బయటి సంస్థల నుంచి బీజీపీ ద్వారా వచ్చిన మాటకు 20, ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120. నంబరు పెరిగేకొద్దీ నమ్మకం సన్నబడుతుంది. 255 అయితే పోగు తెగినట్టే. ఆ దారి పట్టికలోకే రాదు.

ఇవేమీ లోకమంతా ఒప్పుకున్న అంకెలు కావు. జూనిపర్ రూటర్లలో స్టాటిక్‌కు 5, ఓఎస్‌పీఎఫ్ లోపలి దారులకు 10. పైగా ఏ రూటర్ అభిప్రాయం దానిదే, పక్కదానికి చెప్పదు. రెండు కంపెనీల పెట్టెలు కలిపి వాడేచోట చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

ఇంకో మెలిక ఉంది. ఏడీ తీర్పు చెప్పేది ఒకే అడ్రసు గుంపుకు రెండు దారులున్నప్పుడే. ఒక దారి పెద్ద గుంపుకూ మరొకటి అందులోని చిన్న గుంపుకూ అయితే రెండూ పట్టికలో ఉంటాయి, పంపేటప్పుడు చిన్న గుంపుదే పైచేయి. 2008 ఫిబ్రవరి 24న ఇది ప్రపంచానికి అనుభవంలోకి వచ్చింది. యూట్యూబ్ 1,024 అడ్రసుల గుంపును ప్రకటించుకుని ఉండగా, పాకిస్తాన్ టెలికాం అందులోని 256 అడ్రసుల గుంపు తనదన్నట్టు ప్రకటించింది. దేశంలో యూట్యూబ్‌ను ఆపాలని చేసిన పని సరిహద్దు దాటింది. రెండు గంటలకు పైగా ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు.

మళ్లీ మన మిల్లుకు వద్దాం. ఫైబర్ తెగితే 4జీ మీద నడవాలి. ఫైబర్ దారిని 1తోనే ఉంచి, 4జీ దారిని చేత్తో రాసి 200 ఇస్తారు. మొదటిది పట్టికలోంచి తప్పుకోగానే రెండోది పైకొస్తుంది. అయితే మిల్లులో వైరు బాగానే ఉండి, లైను మధ్యలో ఎక్కడో తెగితే? రూటర్‌కు తన వైపు దీపం వెలుగుతూనే కనిపిస్తుంది. చేత్తో రాసిన దారిని వదలదు, డేటాను గోతిలో పోస్తూనే ఉంటుంది. అవతలి కొసను ఎప్పటికప్పుడు పలకరించి చూసే ఏర్పాటు విడిగా పెట్టాలి. బ్యాకప్ లైనుకు నెలనెలా డబ్బు కట్టేవారు ఒక ఆదివారం ఫైబర్ వైరు పీకి, అది నిజంగా అందుకుంటుందో లేదో చూసుకోండి.